డబ్ల్యూఎన్‌బీఏలో ట్రేడ్‌లు, టీమ్‌ని మళ్ళీ కట్టుకోవడం: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

డబ్ల్యూఎన్‌బీఏ అంటే అమెరికాలో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్. తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న ఏజెన్సీలో అక్కడ ఆడే అమ్మాయిల కాంట్రాక్టుల లెక్కలు చూస్తున్నా. ఉండేది డాలస్ దగ్గర, కాబట్టి ఇక్కడి టీమ్ వింగ్స్ ఏదైనా ట్రేడ్ (వేరే టీమ్‌తో ప్లేయర్ల మార్పిడి) చేసిందంటే చాలు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో "అక్కా, ఇదేం ట్రేడ్, అంత మంచి ప్లేయర్‌ని ఎందుకు వదిలేశారు" అని మెసేజ్‌లు మొదలైపోతాయి. అడిగేవాళ్ళంతా పిల్లల్ని ఆర్లింగ్టన్ మ్యాచ్‌లకి తీసుకెళ్ళే అమ్మానాన్నలే, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. కానీ మనం ఐపీఎల్ వేలం చూసి పెరిగినవాళ్ళం, ఆ లెక్కే ఇక్కడా వేస్తాం, అది ఇక్కడ అస్సలు కుదరదు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేస్తున్నా. కింద ఉన్న డబ్బు లెక్కలు, రూల్స్ అన్నీ లీగ్‌కీ ప్లేయర్లకీ మధ్య 2020లో కుదిరి 2025 సీజన్ దాకా నడిచిన ఒప్పందంలోవి, జీతాలన్నీ డాలర్లే.

అపోహ: ఓనర్ దగ్గర డబ్బుంటే ఎంతమంది స్టార్లనైనా తెచ్చుకోవచ్చు

కుదరదు. మగవాళ్ళ ఎన్‌బీఏలో క్యాప్ (ఏడాదికి టీమ్ మొత్తం జీతాలకి పెట్టిన హద్దు) దాటినా ట్యాక్స్ కట్టి బండి లాగించొచ్చు, సొంత ప్లేయర్‌ని నిలబెట్టుకోడానికి మినహాయింపులూ ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు, క్యాప్ అంటే క్యాప్, ఒక్క డాలర్ కూడా దాటకూడదు. 2025లో అది 15,07,100. అందులో కనీసం 11 మందిని పెట్టుకోవాలి, ఎక్కువలో ఎక్కువ 12. ఇప్పుడు మీరే లెక్కేయండి. ఒకళ్ళకి సూపర్‌మాక్స్, అంటే ఒక ప్లేయర్‌కి ఇవ్వగలిగే అతి పెద్ద జీతం, 2,49,244, ఇంకో ఇద్దరికి మామూలు మాక్స్ 2,14,466 చొప్పున ఇచ్చారనుకోండి, ముగ్గురికే 6,78,176 అయిపోయింది. మిగిలిన 8,28,924లో ఎనిమిది మందిని తేవాలి, తలకి లక్షా మూడు వేలు పైచిలుకు. పన్నెండో మనిషి కావాలంటే అది 92 వేలకి పడిపోతుంది. చాలా టీమ్‌లు సీజన్‌ని 11 మందితోనే మొదలుపెట్టేది అందుకే, పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంచడం పిసినారితనమేం కాదు, ఆ డబ్బు లేదంతే. 2023లో న్యూయార్క్ లిబర్టీ టీమ్‌లో అంతమంది స్టార్లు పట్టారంటే బ్రియానా స్టూవర్ట్ లాంటి ప్లేయర్ మాక్స్ కంటే బాగా తక్కువకి సంతకం పెట్టింది కాబట్టే పట్టారు.

(స్మృతి మంధానాకి 2023 డబ్ల్యూపీఎల్ వేలంలో 3.40 కోట్లు వచ్చాయి కదా, 2025లో డబ్ల్యూఎన్‌బీఏ సూపర్‌మాక్స్ కూడా అంత లేదు. గ్రూపులో ఈ మాట చెప్తే ఎవ్వరూ నమ్మరు.)

ఈ గట్టి క్యాప్ దెబ్బ స్టార్లకి తగలదు, చివరి రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి తగులుతుంది. 2025 మే నెల, సీజన్ మొదలయ్యే ముందు కట్‌లు జరిగే రోజు, అంటే క్యాంప్‌కి వచ్చినవాళ్ళలో ఎక్కువైనవాళ్ళని పంపేసే రోజు. మూడేళ్ళు ఆడి నాలుగో ఏడాదిలోకి వచ్చిన ఒక అమ్మాయి మా క్లయింట్. క్యాంప్ బాగా చేసింది, కోచ్‌కి నచ్చింది, డిఫెన్స్‌లో ఎవరి మీదకి పంపినా నిలబడేది. పదకొండో కుర్చీకి ఆ టీమ్ దగ్గర మిగిలింది 70 వేలు. మూడేళ్ళ సర్వీసు దాటినవాళ్ళకి కనీస జీతం 78,831, రెండేళ్ళలోపు వాళ్ళకైతే 66,079. తేడా 12,752. "నాకు ఆ అరవై ఆరు వేలే ఇవ్వమనండి, నేను ఆడతా" అంది ఫోన్‌లో. రూల్ ఒప్పుకోదు, ఆమె ఒప్పుకున్నా సరే కనీసం కంటే కింద సంతకం పెట్టనివ్వరు, సీనియర్లని చవగ్గా వాడుకోకూడదని పెట్టిన రూల్ అది, ఆ రోజు మాత్రం సీనియర్‌కే అడ్డం పడింది. ఆ కుర్చీ రెండో ఏడాది అమ్మాయికి వెళ్ళింది. టీమ్ ఇచ్చిన అపార్ట్‌మెంట్‌లో మా క్లయింట్ ఇంకా సూట్‌కేస్ కూడా పూర్తిగా విప్పలేదు, సగం బట్టలు అందులోనే ఉన్నాయని చెప్పింది. ఎక్సెల్ షీట్‌లో ఆ ఒక్క వరస నేను చాలాసేపు తీసెయ్యలేకపోయా.

అపోహ: ప్లేయర్‌ని "కోర్" చేశారంటే కట్టేసినట్టే, ఇక ఎక్కడికీ పోలేదు

కోర్ అంటే ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్ట్ అయిపోయి నచ్చిన టీమ్‌కి వెళ్ళగలిగే ప్లేయర్) అవ్వబోతున్న మనిషి మీద టీమ్ తన ఒక్కదానికే మాట్లాడే హక్కు పెట్టుకోవడం, బదులుగా ఏడాదికి సూపర్‌మాక్స్ ఆఫర్ చెయ్యాలి. పేరు వింటే బంధించినట్టే ఉంటుంది, నిజానికి ఈ మధ్య అది ట్రేడ్ చెయ్యడానికి వాడే తాళంచెవి. 2025 మొదట్లో చూడండి, లాస్ వేగస్ ఏసెస్ కెల్సీ ప్లమ్‌ని కోర్ చేసింది, డాలస్ సతు సబాలీని, కనెక్టికట్ అలిస్సా థామస్‌ని. ముగ్గురూ కొద్ది వారాల్లోనే వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. సబాలీ అయితే డాలస్‌లో ఉండనని ముందే బయటికే చెప్పేసింది. కోర్ చెయ్యకపోతే చేతులూపుకుంటూ వెళ్ళిపోతుంది, టీమ్‌కి ఏమీ మిగలదు. కోర్ చేస్తే వెళ్ళే టీమ్ ఏదో ఒకటి ఇచ్చి తీసుకెళ్ళాలి.

ప్లమ్ ట్రేడ్ మూడు టీమ్‌లది. ప్లమ్ లాస్ ఏంజిలిస్ స్పార్క్స్‌కి, జూవెల్ లాయిడ్ సియాటిల్ నుంచి ఏసెస్‌కి, స్పార్క్స్ దగ్గరున్న డ్రాఫ్ట్ (కొత్త ప్లేయర్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) 2వ పిక్, అంటే రెండో వంతు, సియాటిల్‌కి, దాంతో వాళ్ళు ఫ్రాన్స్ నుంచి వచ్చిన డొమినిక్ మలొంగాని తీసుకున్నారు. ఎవరు గెలిచారని వెంటనే అడుగుతారు. మలొంగాకి అప్పటికి 19 ఏళ్ళు, ఆ లెక్క ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది, ఇప్పుడే తీర్పు ఇవ్వడం నాకు నచ్చదు.

అపోహ: అందరూ డబ్బు కోసమే టీమ్ మారతారు

పై లెక్క చూశాక మీకే అర్థమై ఉంటుంది, పెద్ద ప్లేయర్‌కి ఏ టీమ్ ఇచ్చినా మాక్స్ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడొస్తుందంటే రోజూ ప్రాక్టీస్ చేసే చోట, ఫిజియో దగ్గర, లాకర్ రూమ్‌లో. కనెక్టికట్ సన్ 2024లో 28 గెలిచి 12 ఓడింది, అంత మంచి టీమ్. ప్లేఆఫ్స్ టైములో వాళ్ళు ప్రాక్టీస్ చేస్తున్న కమ్యూనిటీ సెంటర్ జిమ్‌లో పక్క సగంలో రెండేళ్ళ పిల్లాడి బర్త్‌డే పార్టీ జరిగింది. ప్లేఆఫ్స్ ఆడాల్సిన అమ్మాయిలు బెలూన్ల పక్కన షూటింగ్ చేసుకున్నారు, ఈ విషయం ప్లేయర్లే ప్రెస్‌తో చెప్పారు. అదే ఏడాది ఫీనిక్స్ మెర్క్యురీ 10 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త ప్రాక్టీస్ సెంటర్ తెరిచింది. తర్వాతి సీజన్‌కి సన్‌లో స్టార్ట్ చేసిన ఐదుగురిలో ఒక్కరు కూడా మిగల్లేదు. థామస్ ఫీనిక్స్, డిజోనై కారింగ్టన్, టై హారిస్ డాలస్, బ్రియోనా జోన్స్ అట్లాంటా, డెవానా బానర్ ఇండియానా. సన్ 2025లో 11 గెలిచి 33 ఓడింది, థామస్, సబాలీ ఉన్న ఫీనిక్స్ ఫైనల్స్‌కి వెళ్ళింది. జిమ్ ఒక్కదానివల్లే ఇదంతా అయిందని నేననను, కోచ్ కూడా మారింది, ఇంకా కారణాలున్నాయి. కానీ మా క్లయింట్లు ఫ్రీ ఏజెన్సీలో నన్నడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో ట్రైనింగ్ రూమ్ ఎలా ఉంటుందన్నది తప్పకుండా ఉంటుంది.

అపోహ: కావాలని ఓడిపోతే నంబర్ 1 పిక్ వస్తుంది, దాంతో అన్నీ సెట్

డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌లు ఎవరికో లాటరీ తీసి తేలుస్తారు, దానికి చూసేది ఒక్క ఏడాది కాదు, రెండేళ్ళ రికార్డ్ కలిపి చూస్తారు, ఒక్క సీజన్ పడుకుంటే లాభం లేదు. పైగా లాటరీ లాటరీయే. 2024లో అందరికంటే తక్కువ గెలిచింది స్పార్క్స్, 8-32, అంటే 8 గెలుపులు, 32 ఓటములు. ఎక్కువ ఛాన్స్ వాళ్ళకే, కానీ నంబర్ 1 మా డాలస్‌కి తగిలింది, పేజ్ బెకర్స్ వచ్చింది. వచ్చాక కూడా 2025లో వింగ్స్ 10-34. ఇండియానా ఫీవర్‌కి 2023లో అలియా బోస్టన్, 2024లో కేట్లిన్ క్లార్క్, వరసగా రెండు నంబర్ 1లు, అలాంటి అదృష్టం మళ్ళీ మళ్ళీ రాదు. ఆ ఫీవర్ కూడా 2025లో క్లార్క్ 13 మ్యాచ్‌లే ఆడితే సెమీస్‌లో ఆ ఏడాది ఛాంపియన్ అయిన ఏసెస్‌ని ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా లాగింది, ఆ ప్లేఆఫ్స్‌లో స్టార్ట్ చేసిన ఒడిస్సీ సిమ్స్ ఆగస్టులో హార్డ్‌షిప్ కాంట్రాక్ట్ (గాయాలతో మనుషులు తగ్గినప్పుడు ఇచ్చే తాత్కాలిక కాంట్రాక్ట్) మీద వచ్చిన మనిషి.

నంబర్ 1 పిక్ అసలు విలువ నేను చెప్తా వినండి. బెకర్స్ మొదటి ఏడాది జీతం 78,831, అంటే మాక్స్ ప్లేయర్ జీతంలో సగం కూడా లేదు. నాలుగో ఏడాది ఉంచుకోవాలా వద్దా అనేది టీమ్ ఇష్టం, దాంతో కలిపి అంతకాలం స్టార్ చవగ్గా దొరికినట్టే, మిగిలిన డబ్బుతో చుట్టూ మంచివాళ్ళని పెట్టుకోవాలి. ఆ నాలుగేళ్ళు వృథా చేసుకున్న టీమ్ మళ్ళీ మొదటికే వస్తుంది.

అపోహ: పెద్ద పేరు వచ్చిన ట్రేడే సీజన్‌ని మారుస్తుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్తా, ఎందుకంటే నాకు ఇది అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. 2025 జూన్ 30న డాలస్ నలిస్సా స్మిత్‌ని ఏసెస్‌కి పంపింది, బదులుగా 2027 మొదటి రౌండ్ పిక్ తీసుకుంది. పెద్ద హెడ్‌లైన్ ఏం కాదు. ఆమె ఆ ఏడాది మొదట్లో సబాలీ వెళ్ళిన నాలుగు టీమ్‌ల ట్రేడ్‌లోనే డాలస్ వచ్చింది, అయిదు నెలలకే మళ్ళీ పెట్టె సర్దుకుంది. ఆగస్టు 2న ఏసెస్ సొంత ఊళ్ళో మినెసోటా చేతిలో 111-58తో, అంటే 53 పాయింట్ల తేడాతో ఓడింది. అప్పటికి వాళ్ళ రికార్డ్ 14-14. గ్రూపులో అందరూ ఏసెస్ పని అయిపోయిందన్నారు. ఆ తర్వాత ప్లేఆఫ్స్‌కి ముందు లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, వరసగా 16 గెలిచి 30-14తో ముగించి, ఫైనల్స్‌లో ఫీనిక్స్‌ని 4-0తో కొట్టి కప్పు ఎత్తారు.

ఏజా విల్సన్ ఆట గురించి అందరూ రాశారు, రాయాలి కూడా, ఆ ఏడాది నాలుగోసారి ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ప్లేయర్) అయింది. కానీ వీడియో తీసి విల్సన్‌ని వదిలేసి మిగతావాళ్ళని చూడండి. స్మిత్ పక్కన ఉంటే రింగ్ దగ్గర బలంగా ఉండే సెంటర్లతో గుద్దులాట ఆమె తీసుకుంటుంది, విల్సన్ ప్రతి పొజెషన్‌కీ ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదు, సాయానికి తిరగడానికి వీలు దొరుకుతుంది. లాయిడ్ ఎన్నో ఏళ్ళు స్టార్ట్ చేసిన ప్లేయర్, బెంచ్ మీంచి రావడానికి ఒప్పుకుంది, దాంతో రెండో యూనిట్‌లో కూడా స్కోర్ చేసే మనిషి దొరికింది. ఒక మొదటి రౌండ్ పిక్, ఒక స్టార్ మంచి మనసు, టీమ్‌ని నిలబెట్టినవి ఇవి.

డాలస్ వైపు నుంచి కూడా చూడాలి, మావాళ్ళని తిట్టే ముందు. బెకర్స్ వచ్చింది కాబట్టి వాళ్ళ టైమ్‌టేబుల్ ఇప్పటిది కాదు, రెండు మూడేళ్ళ తర్వాతది. అందుకే ఆగస్టులో కారింగ్టన్‌ని కూడా మినెసోటాకి పంపి కుర్ర ప్లేయర్ డైమండ్ మిల్లర్‌ని తెచ్చుకున్నారు. మ్యాచ్ టికెట్ కొన్న రోజు అది బాధగానే ఉంటుంది. లిబర్టీ 2020లో 2-20, ఆ తర్వాత 12-20, 16-20, అప్పుడు 2023లో ట్రేడ్‌లో జాంక్వెల్ జోన్స్, ఫ్రీ ఏజెన్సీలో స్టూవర్ట్, కోర్ట్నీ వాండర్స్లూట్ వచ్చారు, 2024లో కప్పు. నాలుగేళ్ళు. మధ్యలో రెండు సీజన్లు ఎవరూ వాళ్ళ గురించి మాట్లాడలేదు.

అపోహ: వేవ్ చేశారంటే ఆ ప్లేయర్ కెరీర్ అయిపోయినట్టే

వేవ్ అంటే కాంట్రాక్ట్ రద్దు చేసి వదిలేయడం. దీన్ని వింటే నాకు కోపం వస్తుంది. బెట్నైజా లేనీని 2020లో ఇండియానా వదిలేసింది, అట్లాంటా తీసుకుంది, అదే ఏడాది మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అవార్డ్ తెచ్చుకుంది, 2024లో కప్పు గెలిచిన లిబర్టీలో స్టార్టర్. వెరోనికా బర్టన్‌ని 2022లో డాలస్ 7వ పిక్‌తో తెచ్చి 2024 క్యాంప్‌లో వదిలేసింది. కనెక్టికట్ తీసుకుంది, బెంచ్ మీద పెట్టింది. 2024 డిసెంబర్‌లో కొత్త టీమ్ గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ కోసం ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ (కొత్త టీమ్ పాత టీమ్‌ల నుంచి ప్లేయర్లని ఎంచుకోవడం) జరిగితే ఒక్కో పాత టీమ్ ఆరుగురిని కాపాడుకోవచ్చు, ఆ ఆరుగురిలో బర్టన్ లేదు. వాల్కిరీస్ ఆమె చేతికి బంతి ఇచ్చింది. 2025 మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ బర్టన్. అలా ఎవరూ కాపాడుకోని ప్లేయర్లతో మొదలుపెట్టిన టీమ్ 23-21తో మొదటి సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, లీగ్ చరిత్రలో ఏ ఎక్స్‌పాన్షన్ టీమూ అంతకుముందు అలా వెళ్ళలేదు.

మా క్లయింట్ అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. సీజన్ మధ్యలో సంతకం పెడితే కనీస జీతం మిగిలిన రోజులకే లెక్క కడతారు, అంటే 78,831 కాస్తా రోజుకి సుమారు 660 చొప్పున కరుగుతూ ఉంటుంది. ఇంకో టీమ్ 11 మందితో నడుస్తోంది, వాళ్ళ దగ్గర మిగిలింది 45 వేలు. నేను క్యాలెండర్ మీద లెక్కేసి చూస్తే జూలై 7కి ఆమె ఆ డబ్బులో పడుతుంది. జూన్ అంతా ఆమెకి ఒకటే మాట చెప్తూ వచ్చా, ఏడో తేదీ దాకా కాళ్ళు బిగుసుకోనివ్వకు, రోజూ పరిగెత్తు అని. స్కూల్ జిమ్ ఒకటి పొద్దున్నే ఆరింటికి ఇచ్చేవాళ్ళు, అక్కడ ఒక్కతే షూటింగ్ చేసుకునేది. ఏడో తేదీ పొద్దున ఆ టీమ్ జనరల్ మేనేజర్ ఫోన్ చేశాడు. ఆమెకి చెప్పడానికి నేను ఫోన్ చేస్తే వెనకాల బంతి కొడుతున్న చప్పుడు వినపడుతోంది.