సాఫ్ట్‌వేర్ వచ్చింది, పుస్తకం దొరకలేదు: కాలేజీ లైబ్రరీలో అపోహలు - వాస్తవాలు

డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకరోజు కౌంటర్ దగ్గరికి వచ్చి, "మేడమ్, మన లైబ్రరీలో ఎకనామిక్స్ తెలుగు పుస్తకాలు ఒక్కటి కూడా లేవా?" అని అడిగింది. కంప్యూటర్లో తనే వెతికింది, సున్నా ఫలితాలు వచ్చాయి. తన వెనకాల అల్మరాలో మాత్రం నలభై దాకా ఉన్నాయి. తను 'ఆర్ధిక శాస్త్రం' అని టైప్ చేసింది. మేం కేటలాగులో 'ఆర్థిక శాస్త్రం' అని ఎక్కించాం. ధకు, థకు చుక్కే తేడా. చదివేవాళ్లు దాన్ని పట్టించుకోరు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేరే మాటలు.

నేను పద్దెనిమిదేళ్లుగా కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. కార్డ్ కేటలాగు డ్రాయర్లు తీసేసి కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న రోజులు చూశాను. కొత్త టెక్నాలజీ గురించి మీటింగుల్లో మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఎక్కించాం, ఇక ఆటోమేషన్ అయిపోయినట్టే.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒకటి రెండు రోజుల పని. అసలు పని, కొన్న ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసుకునే అక్సెషన్ రిజిస్టర్ దగ్గర మొదలవుతుంది. పుస్తకం చేతిలో పట్టుకుని, టైటిల్ పేజీ చూసి జాగ్రత్తగా ఎక్కిస్తే ఒక మనిషికి రోజుకు యాభై, అరవై అవుతాయి. ముప్పై వేల పుస్తకాలుంటే ఒక్కరికి కనీసం ఐదొందల పనిదినాలు. కాలేజీల నాణ్యతను తేల్చే నాక్ తనిఖీ ఉందన్న టెన్షన్‌లో పుస్తకానికి ఇంత అని బయటివాళ్లకు అప్పగిస్తే, వాళ్లు రిజిస్టర్ చూసి ఎక్కిస్తారు, పుస్తకం చూడరు. ఒకే రచయిత పేరు మూడు రకాలుగా పడుతుంది. ఎప్పుడో చిరిగిపోయి తీసేసిన పుస్తకాలు కూడా 'ఉన్నాయి' అని కనిపిస్తాయి.

మా దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. జనరల్ స్టాక్‌కి ఒక రిజిస్టర్, పాఠ్యపుస్తకాలు అరువిచ్చే బుక్ బ్యాంకుకి ఇంకో రిజిస్టర్, రెండూ ఒకటో నంబరు నుంచే మొదలు. బార్‌కోడ్‌గా వాడేది ఆ నంబరే. కోహాలో ఒకే బార్‌కోడ్ రెండు పుస్తకాలకు ఉండకూడదు. నాలుగు వేల లేబుళ్లు అంటించాక ఇది బయటపడింది. బుక్ బ్యాంకు నంబర్ల ముందు 'బీబీ' చేర్చి మళ్లీ ముద్రించి అంటించాం. లేబుళ్లు ఆర్డర్ ఇచ్చేముందే మీ రిజిస్టర్లన్నీ ఒక బల్ల మీద పెట్టి చూసుకోండి.

అన్నీ ఎక్కించాకే ఇష్యూ మొదలుపెట్టాలన్న నియమం కూడా ఏమీ లేదు. రిటర్న్ వచ్చిన పుస్తకాన్ని కౌంటర్‌లోనే ఎక్కించి అల్మరాకు పంపండి. ఒక సెమిస్టర్ తిరిగేసరికి పిల్లలు నిజంగా వాడే పుస్తకాల్లో చాలావరకు కంప్యూటర్లోకి వచ్చేస్తాయి.

అపోహ: ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చూపించే యూనికోడ్ ఉంది కదా, తెలుగులో వెతకడం దానంతట అదే పనిచేస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. తెలుగు మీడియం పిల్లలకు లైబ్రరీ తలుపు మూసుకుపోయేది ఇక్కడే.

పాత పుస్తకాల జాబితాలు చాలాచోట్ల అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో తెలుగు అక్షరాల రూపాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ మారిస్తే అర్థంలేని గుర్తులే మిగులుతాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా వరుసవరుసా చదివి దిద్దుకోవాల్సిందే. ఇంగ్లీషు పుస్తకాల్లాగా జడ్39.50 అనే రికార్డుల మార్పిడి పద్ధతి ద్వారా పెద్ద లైబ్రరీల నుంచి రికార్డులు తెచ్చుకుందామంటే, విదేశీ లైబ్రరీల రికార్డుల్లో తెలుగు పేర్లు తరచుగా రోమన్ లిపిలో ఉంటాయి. వాటిని తెలుగు లిపిలో మనమే ఎక్కించుకోవాలి.

తర్వాత టైపింగ్. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటనే చూడండి. అక్షరాలను విడదీసే, కంటికి కనిపించని గుర్తు పెట్టి కలిపి రాసేవాళ్లు ఉన్నారు. 'సాఫ్ట్ వేర్' అని ఖాళీ వదిలేవాళ్లు ఉన్నారు. 'సాఫ్ట్వేర్' అని వ కిందికి ఒత్తుగా దిగిపోయేలా కొట్టేవాళ్లు ఉన్నారు. ఒకటి వెతికితే మిగతా రెండూ దొరుకుతాయన్న భరోసా లేదు.

మేం చేసింది చెబుతాను. పుస్తకాల వివరాలు కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి మార్క్ 21లో 246 అనే ఫీల్డ్ శీర్షికకు వేరే రూపాల కోసమే ఉంది. జనం రాసే రెండు మూడు వర్ణక్రమాలు, రోమన్ లిపిలో ఒకటి అందులో ఎక్కిస్తున్నాం. 'ఆర్ధిక' తప్పే కావచ్చు, కానీ పిల్లలు కొట్టేది అదే అయితే అది కూడా ఉండాలి. ఇంకొకటి, కోహాలో వెతికే పనికి జీబ్రా సెర్చ్ వాడుతుంటే, అన్ని భాషల అక్షరాలనూ గుర్తుపట్టే ఐసీయూ ఇండెక్సింగ్ పెట్టమని మీ టెక్నీషియన్‌ను గట్టిగా అడగండి. అది లేకపోతే తెలుగు మాటలు సరిగ్గా ఇండెక్స్ కావు.

అపోహ: ఫ్రీ సాఫ్ట్‌వేర్ నాసిరకం, డబ్బు పెట్టి కొన్నదే నమ్మకం.

ఫ్రీగా దొరికే కోహా న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ కోసం పుట్టింది. వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరం దాటితే పనిచేయదని తెలిసి 1999లో కొత్తది రాయించుకున్నారు, 2000 జనవరి నుంచి వాడారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఈ రోజు ప్రపంచమంతా పెద్ద పెద్ద యూనివర్సిటీలు కూడా వాడుతున్నాయి. మన దేశంలో యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసిన సోల్, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి.

ఖర్చు మాత్రం ఉంటుంది. సర్వర్, రోజూ బ్యాకప్, పాడైతే చూసే మనిషి. వీటికి బడ్జెట్ లేకుండా దేన్నీ మొదలుపెట్టకండి. కొటేషన్లు పిలిచేటప్పుడు ధరకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: రేపు వదిలేస్తే మా డేటా మార్క్ ఫైలుగా ఇస్తారా? ఒక ప్రైవేటు ప్యాకేజీకి ఏఎంసీ (ఏటా డబ్బు కట్టే నిర్వహణ ఒప్పందం) ఆపాక మాకు డేటా దొరకలేదు. పదకొండు వేల రికార్డులు మళ్లీ ఎక్కించాం.

అపోహ: ఆర్ఎఫ్ఐడీ పెడితే దొంగతనాలు ఆగుతాయి.

ఆర్ఎఫ్ఐడీ అంటే పుస్తకానికి అంటించే, రేడియో తరంగాలతో చదివే ట్యాగు. లైబ్రరీల్లో వాడేది ఎక్కువగా 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగు. దానికి అల్యూమినియం ఫాయిల్ చుడితే తలుపు దగ్గరి గేటు చదవలేదు. దాని అసలు ఉపయోగం స్టాక్ వెరిఫికేషన్‌లో. చేతిలో రీడర్ పట్టుకుని అల్మరాల వెంట నడిస్తే వారాల పని రోజుల్లో అవుతుంది. రోజుకు యాభై ఇష్యూలున్న కాలేజీకి బార్‌కోడ్ చాలు.

అపోహ: ఈ-జర్నళ్లు వచ్చేశాయి, పిల్లలే వాడుకుంటారు.

దేశమంతటికీ ఒకే చందాతో జర్నళ్లు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ను కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. నిజంగా గొప్ప అవకాశం. అయితే మొదటి దశ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. ఇది తెలియక ప్రైవేటు కాలేజీ పిల్లలు లాగిన్ కోసం తిరగడం చూశాను. కాలేజీలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఎన్‌లిస్ట్‌లో ఉన్న కాలేజీల్లోనూ ప్రతి ఒక్కరికీ సొంత యూజర్ ఐడీ తెరవాలి. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే ఎవరూ రారు. ప్రాజెక్టు టాపిక్ ఇచ్చిన వారంలోనే, ఆ లెక్చరర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లల చేత వాళ్ల టాపిక్ మీదే వెతికించండి. అప్పుడు వాడతారు.

ఏఐ చాట్ టూల్స్ గురించి ఒక్క మాట. అవి ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లేని వ్యాసాలు కూడా ఉంటాయి. వ్యాసాన్ని గుర్తించే శాశ్వత నంబరు డీఓఐ కొట్టి, పేజీ తెరుచుకుని, అదే శీర్షిక కనిపిస్తేనే రాసుకోమని మా పిల్లలకు చెబుతున్నాను.

అపోహ: పాత స్టాఫ్‌కి ఇవన్నీ రావు.

మా అటెండర్ గారు ఇరవై ఏడేళ్లుగా పుస్తకాలు సర్దుతున్నారు. మౌస్ పట్టుకోవడానికి మొదట భయపడ్డారు. ట్రైనింగ్ ఇచ్చినతను గంటలో అన్నీ చూపించి వెళ్లిపోయాడు, ఆయనకు ఒక్కటీ ఎక్కలేదు. తర్వాత రోజుకో పని చొప్పున, తెలుగులో కాగితం మీద రాసి ఇచ్చాను: మొదట రిటర్న్, వారం తర్వాత ఇష్యూ, ఆ తర్వాత వెతకడం. రెండు నెలల్లో కౌంటర్ ఆయన చేతికి వచ్చింది. పుస్తకాలను సబ్జెక్టు వారీగా సర్దే డ్యూయీ నంబర్లలో తెలుగు సాహిత్యం 894.827లో ఉండాల్సింది, కొన్ని నవలలు 330లో ఎకనామిక్స్ పక్కన పడ్డాయని పట్టుకున్నది కూడా ఆయనే. అల్మరా తెలిసిన మనిషికే అలాంటి తప్పు కనిపిస్తుంది.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్కు పెట్టాం. వెతికితే దొరకలేదని ఎవరైనా చెబితే, వాళ్లు ఏ అక్షరాలతో కొట్టారో ఆయన అలాగే రాసి ఉంచుతారు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఆ మాటలు 246లో ఎక్కిస్తాం. పోయిన వారం పద్నాలుగు వచ్చాయి, అందులో తొమ్మిది పుస్తకాలు అల్మరాల్లోనే ఉన్నాయి.