కంప్యూటర్‌లో మొదలైన టీకా

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కంప్యూటర్‌తో టీకాలు తయారు చేస్తారట, నిజమేనా అని అడిగారు. నిజమే. అయితే అందులో కంప్యూటర్ పని ఎంత, మనుషుల పని ఎంత అన్నది కూడా మీకు తెలియాలి. అందుకే ఇటలీలో సియెనా అనే ఊళ్ళో పనిచేసిన శాస్త్రవేత్త రీనో రప్పువోలీ గురించి రాస్తున్నాను.

మెనింజోకాకస్ అని ఒక బాక్టీరియా ఉంది. సుమారు పదిమందిలో ఒకరి గొంతులో అది ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. ఎప్పుడో, ఎవరిలోనో నెత్తురులోకి దూరి, మెదడు చుట్టూ ఉన్న పొరల దాకా పోతుంది. పొద్దున జ్వరం వచ్చిన బిడ్డ మర్నాటికి దక్కకపోవచ్చు. బతికినా కొందరికి చెవుడు వస్తుంది, కొందరికి కాళ్ళో చేతులో తీసెయ్యాల్సి వస్తుంది.

దీనిలో ఎ, సి, డబ్ల్యూ, వై రకాలకు టీకాలు చేయగలిగారు. బాక్టీరియా చుట్టూ చక్కెర పదార్థంతో ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగునే మన ఒంటికి పరిచయం చేస్తే, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. బి రకం దగ్గర ఈ ఉపాయం పారలేదు. దాని తొడుగులోని చక్కెర మన నరాల కణాల మీద ఉండేదే. ఇంట్లోవాళ్ళ బట్టలు కట్టుకుని వచ్చిన దొంగలాంటిది అది. మన రక్షణ వ్యవస్థ దాన్ని పట్టించుకోదు, బలవంతాన పట్టించుకునేలా చేస్తే మన కణాల మీదే తిరగబడుతుందేమోనని భయం.

1995లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం మొదటిసారి ఒక బాక్టీరియా జీనోమ్ మొత్తాన్ని, అంటే దాని జన్యు రాతనంతటినీ చదివింది. అది చూసిన రప్పువోలీకి ఒక ఆలోచన వచ్చింది. బాక్టీరియాను పెంచి, అందులో ఒక్కొక్క ముక్కనూ వెతుక్కోవడం ఎందుకు, దాని జన్యువులన్నీ ముందే చదివేస్తే సరిపోదా అని. ఇద్దరూ కలిసి బి రకం జీనోమ్ చదివించారు. అందులో ఇరవై లక్షలకు పైగా అక్షరాలు, రెండు వేలకు పైగా జన్యువులు ఉన్నాయి.

ఇక్కడ కంప్యూటర్ రంగంలోకి దిగింది. జబ్బును ఎదుర్కోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు బాక్టీరియా లోపలికి పోలేవు, పైన కనిపించేదాన్నే పట్టుకోగలవు. ప్రొటీన్ పైకి చేరేదా, లోపల ఉండిపోయేదా అన్నదానికి జన్యువులోనే గుర్తులుంటాయి. ఆ గుర్తుల్ని బట్టి కంప్యూటర్ సుమారు ఆరువందల పేర్లు ఏరి ఇచ్చింది. అక్కడితో దాని పని అయిపోయింది.

నాకు ఎక్కువ గౌరవం ఆ తర్వాత జరిగినదాని మీద. రప్పువోలీ బృందంలోని మరియాగ్రాజియా పిజ్జా, ఆవిడతో పనిచేసినవాళ్ళు ఒక్కొక్క జన్యువునూ ఇ.కోలై బాక్టీరియాలో పెట్టి ప్రొటీన్ తీశారు. మూడువందల యాభై దాకా వచ్చాయి. వాటిని ఎలుకలకు ఎక్కించి, ఆ ఎలుకల నెత్తురులోని సీరం, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవం, మెనింజోకాకస్‌ను చంపుతోందా లేదా అని ఒక్కొక్కటిగా చూశారు. చంపగలిగినవి ముప్పైకి లోపే. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. అంతకుముందు దశాబ్దాల తరబడి వెతికినవాళ్ళకు చేతికందినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

దొరికినవాటిలో ఒకదానికి అప్పటికి పేరైనా లేదు, 1870 అనే నంబరే. అది ఏం పని చేస్తుందో తర్వాతెప్పుడో తెలిసింది. మన నెత్తురులోని ఫ్యాక్టర్ హెచ్ అనే పదార్థాన్ని ఒంటికి తగిలించుకుని, మన రక్షణ వ్యవస్థ దెబ్బ నుంచి తప్పించుకోవడానికి బాక్టీరియా ఈ ప్రొటీన్‌ను వాడుకుంటుంది. చివరికి ఆ ప్రొటీన్, మరో రెండు, న్యూజిలాండ్‌లో అంతకుముందు వాడిన టీకాలోని పొర ముక్కలు కలిపి బెక్సెరో టీకా చేశారు. యూరప్‌లో అనుమతి వచ్చింది 2013లో. అంటే జాబితా తయారయ్యాక ఇంకో పదమూడేళ్ళు! మీకు ఎక్కువ అనిపించవచ్చు, కానీ నెలల పసిపిల్లలకు వేసే మందు విషయంలో ఆ జాగ్రత్త ఉండాల్సిందే. 2015 నుంచి బ్రిటన్‌లో పసిపిల్లలందరికీ ఇస్తున్నారు. మొదటి మూడేళ్ళలోనే, టీకా అందిన వయసు పిల్లల్లో ఈ జబ్బు సుమారు ముప్పావు వంతు తగ్గింది.

కొవిడ్ వచ్చినప్పుడు ఈ దారి ఎంత పనికొచ్చిందో మీరే చూశారు. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు వైరస్ జీనోమ్‌ను బయటపెట్టగానే, వైరస్ చేతిలో లేకుండానే కొందరు కొద్ది రోజుల్లో టీకా నమూనా రాసేశారు. అలాగని పాత దారి పనికిరానిదయిపోలేదు. మన హైదరాబాద్ దగ్గర జినోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్, వైరస్‌ను పెంచి, చంపి చేసిన పాత పద్ధతి టీకానే.

బెక్సెరో కథ ఇంకా పూర్తి కాలేదు. టీకా వేయించుకున్నవాళ్ళను అది కాపాడుతోంది గాని, గొంతులో కాపురం పెట్టిన బాక్టీరియాను పంపించలేకపోతోంది. దక్షిణ ఆస్ట్రేలియాలో వేలమంది టీనేజ్ పిల్లల మీద చేసిన పెద్ద పరిశోధనలో ఇది తేలింది. అందుకే టీకా వేయించుకోనివాళ్ళకు ఆ రకం ముప్పు అలాగే ఉంది. గొంతులోనే దాన్ని ఆపే టీకా ఇంకా రావాలి.

మీ
తాతయ్య