పండగ పేరులోనే చందమామ ఉన్నాడు

చిట్టితల్లికీ, బుజ్జికన్నకీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిట్టితల్లి ఒక ప్రశ్న అడిగింది. "నా బర్త్‌డే ప్రతి సంవత్సరం ఒకే తారీఖున వస్తుంది కదా, దీపావళి మాత్రం ఎందుకలా మారిపోతుంది అమ్మమ్మా? ఎవరు డిసైడ్ చేస్తారు?" అని. నేను మొదలుపెట్టేలోపే మీ స్కూలు బస్సు వచ్చేసింది. ఆ రాత్రి పడుకున్నా ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి.

పండగని ఎవరూ డిసైడ్ చెయ్యరు తల్లీ. చందమామ నడుస్తాడు, మనం లెక్కపెట్టుకుంటాం.

మన పండగల పేర్లు ఒకసారి పైకి చదవండి. అట్లతద్ది, వినాయక చవితి, నాగపంచమి, సుబ్రహ్మణ్య షష్ఠి, రథసప్తమి, కృష్ణాష్టమి, శ్రీరామనవమి, విజయదశమి, తొలి ఏకాదశి, క్షీరాబ్ది ద్వాదశి, ధనత్రయోదశి, నరక చతుర్దశి. ఏం వినిపించింది? అంకెలు! మూడు, నాలుగు, అయిదు, ఆరు... పద్నాలుగు దాకా ఒక్కటీ తప్పిపోలేదు. తద్ది అంటే తదియ, మూడోది. దేనికి మూడోది అంటారా? అమావాస్య నుంచో పున్నమి నుంచో లెక్క. ఆ రోజు చంద్రుడు ఎక్కడుంటాడో, ఎంత ఉంటాడో పండగ పేరే చెప్పేస్తోంది.

మీ హాల్లో గోడ గడియారం ఉంది కదా, దాన్ని చూడండి. పన్నెండింటికి ముళ్లు రెండూ కలిసి ఉంటాయి. పెద్దముల్లు చకచకా ముందుకెళ్లిపోతుంది, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ చిన్నముల్లుని అందుకుంటుంది. ఆకాశంలో సూర్యుడు చిన్నముల్లు, చంద్రుడు పెద్దముల్లు. ఇద్దరూ కలిసి ఉన్న రోజు అమావాస్య. అక్కణ్ణించి వాళ్ల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి అయిపోయినట్టు. చుట్టు మొత్తం 360 డిగ్రీలు కాబట్టి 30 తిథులు. వెన్నెల పెరిగే పదిహేనూ శుక్లపక్షం, తరిగే పదిహేనూ బహుళపక్షం. అయితే చంద్రుడి నడక అన్ని రోజులూ ఒకలా ఉండదు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు తొందరగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకని ఒక తిథి 19 గంటలకే అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటలు సాగొచ్చు. పంచాంగంలో ప్రతి తిథికీ గంటలు, నిమిషాలు వేసి ఉండేది అందుకే.

మీకు అట్లతద్ది గురించి చెప్పాలి. ఆడపిల్లల పండగల్లో నాకు అదంటే ప్రాణం.

అది ఆశ్వయుజ బహుళ తదియ నాడు వస్తుంది. అంటే దసరా తర్వాత వచ్చే పున్నమి దాటిన మూడో రోజు. ముందురోజు రాత్రి రోట్లో రుబ్బిన గోరింటాకు పెట్టుకుని, చేతులు కదపకుండా పడుకునేవాళ్లం. తెల్లవారుజామున చీకట్లోనే మా నాయనమ్మ లేపేది. వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. తెల్లారేలోపు తినెయ్యాలి, ఆ తర్వాత చంద్రుడు కనిపించేదాకా ఏమీ ఉండదు. కాలవగట్టు మీద చింతచెట్టుకి మోకులతో ఉయ్యాల వేసేవారు. ఊళ్లో పిల్లలందరం అక్కడే. మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తే రాదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం. అప్పటికి వంటింట్లో మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బిన పిండి సిద్ధంగా ఉండేది. నాయనమ్మ వంకాయ తొడిమని నూనెలో ముంచి పెనమంతా రాసి పిండి వేస్తే సుయ్‌మని చప్పుడు. ఆ వాసనకి కడుపులో ఏమవుతుందో మీరే ఊహించుకోండి! గౌరీదేవికి పదకొండు అట్లు, చేతికి పదకొండు ముడుల తోరం. అన్నీ పళ్లెంలో పెట్టుకుని పెరట్లోకి వచ్చి తూర్పు వైపు చూస్తూ కూర్చునేవాళ్లం.

ఇక్కడే ఉంది అసలు సంగతి. పున్నమి నాడు సూర్యుడు దిగుతుంటే చంద్రుడు ఎక్కుతాడు. ఆ తర్వాత రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. తదియ నాటికి మన వైపు రాత్రి ఏడున్నర, ఎనిమిది అవుతుంది. చిన్నపిల్లలు ఆకలితో కాచుకోగలిగేది కూడా అంతవరకే కదా. అష్టమి నాడు పెట్టి ఉంటే అర్ధరాత్రి దాకా కూర్చోవాలి! పున్నమి నాడైతే ఎదురుచూపే ఉండదు. ఈ నోముకి ఈ తిథిని పెట్టినవాళ్లకి చంద్రుడూ తెలుసు, పిల్లలూ తెలుసు అనిపిస్తుంది నాకు.

నోము కథలోనూ ఇదే. ఒక రాజుగారమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి ఉపవాసం ఉంటుంది. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోతుంది. చెల్లెలు అలా పడిపోతే అన్నయ్య చూడలేకపోయాడు. దూరంగా గడ్డికుప్పకి నిప్పుపెట్టి, చెట్టుకొమ్మకి అద్దం కట్టి, అందులో వెలుగు చూపించి "అదిగో చంద్రుడొచ్చాడు" అన్నాడు. పాపం, ఆ పిల్ల నమ్మి తినేసింది. తర్వాత పెళ్లీడొచ్చాక ఎన్ని సంబంధాలు చూసినా ముసలివాళ్లే వచ్చారట. పార్వతీ పరమేశ్వరులు కనిపించి జరిగింది చెబితే, మళ్లీ నోము పట్టి, ఈసారి నిజం చంద్రుణ్ణి చూశాకే తింది. మంచి కుర్రాడితో పెళ్లయింది. ముసలి మొగుడు వస్తాడనే భయం మీకు అక్కర్లేదు, ఆ రోజులు వేరు. నేను మీకు చెప్పదలచుకుంది ఆ అద్దం గురించి. చంద్రుడు వచ్చాడని ఎవరో చెబితే సరిపోదు, మనమే తలెత్తి చూడాలి.

ఒక సంవత్సరం మా ఊళ్లో ఆ రోజు ఆకాశమంతా మబ్బు పట్టేసింది. మేమందరం ఏడుపు మొహాలు పెట్టాం. నాయనమ్మ గడపలో నిలబడి, పొద్దుగుంకి ఎంతసేపయిందో మనసులోనే లెక్కేసుకుంది. "మబ్బు వెనకాల కొబ్బరిచెట్ల మీదకి వచ్చేశాడు, దణ్ణం పెట్టుకోండి" అంది. తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుని తినేశాం. కాసేపటికి మబ్బు చీలింది. చంద్రుడు సరిగ్గా కొబ్బరిచెట్ల మీదే ఉన్నాడు. ఆవిడ బడికి వెళ్లిన మనిషి కాదు. ఆ రోజు నుంచే నేను ఆకాశం చూడటం మొదలుపెట్టాను.

అట్లతద్ది మర్నాడు మీ పక్కింటి పంజాబీ ఆంటీ జల్లెడలోంచి చంద్రుణ్ణి చూస్తుంది కదా, అది కర్వాచౌత్. చౌత్ అంటే మన చవితే. అందుకే చంద్రుడు ఆవిడకి ఇంకాస్త ఆలస్యంగా వస్తాడు. వాళ్లు ఆ నెలని కార్తీకం అంటారు, మనం ఇంకా ఆశ్వయుజం అంటాం. మనకి నెల అమావాస్యతో పూర్తవుతుంది, వాళ్లకి పున్నమితో పూర్తవుతుంది. చంద్రుడొక్కడే.

వినాయక చవితి దీనికి అటువైపు. అది శుక్లపక్షం చవితి కాబట్టి, సాయంత్రం పడమట సన్నగా కనిపించి తొమ్మిది ప్రాంతంలో దిగిపోతాడు. ఆ చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని కథ. కృష్ణుడు పాలలో ఆ నీడ చూసి, శమంతకమణి దొంగ అనే మాట పడ్డాడు. జాంబవంతుడితో 28 రోజులు పోరాడి మణి తెచ్చి, ఆ మాట పోగొట్టుకున్నాడు. అందుకే కథ అయ్యాక తల మీద అక్షింతలు వేసుకోమంటాం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది చెబుతాను. రాముడు సూర్యవంశం. ఆయన పుట్టింది చైత్ర శుద్ధ నవమి మధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు. భద్రాచలంలో సీతారాముల కల్యాణం ఎర్రటి ఎండలో మిట్టమధ్యాహ్నం చేసేది అందుకే. కృష్ణుడు చంద్రవంశం. ఆయన పుట్టింది శ్రావణ బహుళ అష్టమి అర్ధరాత్రి. బహుళ అష్టమి నాడు చంద్రుడు సగమే ఉంటాడు, ఉదయించేది ఇంచుమించు అర్ధరాత్రికే! చెరసాలలో బిడ్డ పుట్టే వేళకి బయట తూర్పున చంద్రుడు పైకి వస్తున్నాడన్నమాట. ఈసారి కృష్ణాష్టమికి ముగ్గుతో చిట్టి పాదాలు వేశాక, అమ్మానాన్నలతో మేలుకుని బాల్కనీలోంచి చూడండి.

ఇక దీపావళి. చంద్రుడి నెలలు పన్నెండూ కలిపితే 354 రోజులే. మన క్యాలెండర్ సంవత్సరం 365. ప్రతి ఏటా 11 రోజులు తగ్గిపోతుంటే పండగలు వెనక్కి జరిగిపోతాయి. 2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది, 2025లో అక్టోబరు 20కి వెళ్లింది. అలా వదిలేస్తే కొన్నేళ్లకి దీపావళి నడివానల్లో, ఉగాది చలికాలంలో వస్తాయి. వేపపువ్వు లేకుండా, మామిడికాయ లేకుండా ఉగాది పచ్చడి ఎలా చేసుకుంటాం? అందుకని సుమారు 32, 33 నెలలకోసారి ఒక నెల అదనంగా కలుపుతారు. అదే అధికమాసం. ఏ నెల కలపాలన్నదీ ఒకరి ఇష్టం కాదు. సూర్యుడు కొత్త రాశిలోకి మారకుండానే అమావాస్య నుంచి అమావాస్య వచ్చేస్తే ఆ నెలే అధికం. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అందుకే ఆ సంవత్సరం దీపావళి తారీఖు నవంబరు 8.

సంక్రాంతి సూర్యుడి పండగ. సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు కాబట్టి జనవరి 14, 15 దాటదు. అది కూడా చాలా నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, సుమారు 70 ఏళ్లకి ఒక రోజు చొప్పున. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు, ఆ రోజు మకర సంక్రాంతి!

బుజ్జికన్నా, నువ్వు అడుగుతావు కదా, "ఇండియాలో పండగ ఒకరోజు, మాకొకరోజు ఎందుకు?" అని. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే. కానీ మీ డాలస్‌లో సూర్యోదయం మా సూర్యోదయానికి చాలా గంటల తర్వాత. మాకు పొద్దున్న ఉన్న తిథి మీకు తెల్లారేసరికి అయిపోయి ఉండొచ్చు. పైగా ప్రతి పండగకీ దాని వేళ ఉంటుంది. వినాయక చవితికి మధ్యాహ్నం చూస్తాం, శివరాత్రికి అర్ధరాత్రి, దీపావళికి సాయంత్రం. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం దాటాక మొదలై నవంబరు 1 సాయంత్రం దాకా ఉంది. ఏ రోజు చేసుకోవాలని ఊరూరా చర్చే. దీపాలు పెట్టే వేళకి చీకటి అమావాస్య ఉండాలని మనం 31నే చేసుకున్నాం. కాబట్టి మీ ఊరి లెక్కతో వేసిన పంచాంగమే చూసుకోండి. ఇక్కడి వాట్సాప్ మెసేజ్ చూసి టెన్షన్ పడొద్దని మీ అమ్మకి చెప్పండి.

ఉపవాసం గురించి ఒక్క మాట. ఆ మాటకి అర్థం దగ్గరగా ఉండటం అని, దేవుడికి దగ్గరగా. పెరిగే పిల్లలకీ, ఒంట్లో బాగోలేనివాళ్లకీ కఠిన ఉపవాసాలు వద్దని పెద్దలే చెప్పారు. మా రోజుల్లో పదేళ్ల పిల్లలం మంచినీళ్లు కూడా తాగకుండా ఉండేవాళ్లం. మీరు అలా ఉంటానంటే నేను ఒప్పుకోను. పాలు తాగండి, పండు తినండి, చంద్రుడు వచ్చేదాకా అన్నం మాత్రం ఆపి చూడండి. కార్తీక సోమవారాల్లో నేను నక్షత్రం కనిపించేదాకా అలాగే ఉంటాను. మొదటి చుక్క కనపడగానే మనసుకి కలిగే సంతోషం ఆ రోజంతా ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ కార్తీకానికి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చూడొచ్చు. కార్తీక పున్నమి రాత్రి చంద్రుడి దగ్గర చిన్న చిన్న చుక్కల గుంపు ఒకటి ఉంటుంది. వెన్నెలలో కాస్త కష్టపడి వెతకాలి. అదే కృత్తిక. మన ఊళ్లో పిల్లలకోడి అంటాం, కోడి చుట్టూ పిల్లలు చేరినట్టు ఉంటుంది. పున్నమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే నెలకి ఆ పేరు. చిత్త దగ్గరైతే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, మఖ దగ్గరైతే మాఘం.

ఈసారి అట్లతద్దికి మీ అమ్మ అట్లు వేస్తుంది, నేను చెప్పాను. ఇద్దరూ చూడాలి, ఆడపిల్లల పండగని బుజ్జికన్న లోపల ఆడుకుంటూ కూర్చోకూడదు. మీ అపార్ట్‌మెంట్‌లో తూర్పు ఎటో ముందురోజే కనుక్కుని పెట్టుకోండి. మీకు చంద్రుడొచ్చేసరికి ఇక్కడ మర్నాడు పొద్దున్నవుతుంది, నేను ముగ్గు వేసి కాఫీ పెట్టుకునే వేళ. చూడగానే ఫోన్ చెయ్యండి. ఎంత ఎత్తులో ఉన్నాడో, ఏ రంగులో ఉన్నాడో చెప్పాకే అట్టు తుంచండి.

మీ అమ్మమ్మ