తైజీ వేటను నడిపిస్తున్నది మాంసం కాదు, టికెట్టు

జపాన్‌లోని వకయామా తీరాన తైజీ అనే చిన్న ఊరుంది. జనాభా దాదాపు 3,000. 2009లో ‘ది కోవ్’ డాక్యుమెంటరీ వచ్చేదాకా ఆ ఊరి పేరు బయట చాలామందికి తెలియదు. చిత్రీకరణకు ఊరు ఒప్పుకోకపోవడంతో నకిలీ రాళ్లలో కెమెరాలు దాచి రాత్రిపూట కొండల్లో పెట్టి వచ్చారు. ఆ కెమెరాలకు చిక్కింది డాల్ఫిన్ల నెత్తురుతో ఎర్రబడ్డ సముద్రం. 2010 మార్చిలో ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

ఇది మా తాతముత్తాతల ఆచారం అంటుంది తైజీ. అందులో సగమే నిజం. 1606 నుంచే అక్కడివాళ్లు జట్లు కట్టి తిమింగలాలను వేటాడేవారు. 1878లో ఒక తిమింగలం వెంటపడి, తుపానులో చిక్కి వందమందికి పైగా చనిపోయారు కూడా. కానీ డాల్ఫిన్లను మందలుగా తరిమి పట్టే ఇప్పటి పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది 1969లో. ఊళ్లో తిమింగలాల మ్యూజియం తెరిచిందీ ఆ ఏడాదే. దాని కొలనులోకి బతికున్న జంతువులు కావాల్సి వచ్చాయి.

డాల్ఫిన్‌కు చెవులే కళ్లు. వేటగాళ్లు దాన్నే వాడుకుంటారు. పడవలు వరసగా నిలబడతాయి. పొడవాటి ఇనుప గొట్టాలను నీళ్లలోకి దించి, పైనుంచి సుత్తితో ఆగకుండా కొడతారు. ఆ మోతకు బెదిరి మంద మొత్తం ఒడ్డువైపు పరుగెత్తుతుంది. ఇరుకైన సముద్రపు పాయలోకి రాగానే వెనక వల మూసేస్తారు. తర్వాత ట్రైనర్లు దిగి, ఒంటిమీద గాయాలు లేని వయసు డాల్ఫిన్లను ఏరుకుంటారు. మిగిలినవాటిలో చాలావరకు మాంసానికే పోతాయి. మాంసానికి అమ్మితే ఒక్కోదానికి సుమారు 600 డాలర్లు, షోలకు అమ్మితే లక్షన్నర డాలర్ల దాకా వస్తాయని ఆ చిత్రం చెప్పిన లెక్క. అందుకే జాలర్లను మాత్రమే తిట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ షోల మోజు పెంచినవాళ్లలో చిత్రంలో ప్రధానంగా కనిపించే రిక్ ఒబారీ కూడా ఉన్నారు. 1960ల్లో ‘ఫ్లిప్పర్’ టీవీ సీరియల్‌కు డాల్ఫిన్లను తర్ఫీదు చేసింది ఆయనే. వాటిలో ఒకటి ఆయన చేతుల్లోనే చనిపోయింది. 1970 నుంచి బందీ డాల్ఫిన్లను విడిపించడమే పనిగా పెట్టుకున్నారు.

మాంసం కథ ఇంకా బాధాకరం. సముద్రంలో చిన్న చేపలు మొదలుకొని ఒకదాన్ని ఒకటి తింటూ పోయేకొద్దీ పాదరసం పేరుకుంటూ పైనున్న డాల్ఫిన్‌లో బాగా ఎక్కువవుతుంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనానికి ఎక్కి ప్రాణాలు తీసిన మినమాటా విషాదాన్ని 1956 నుంచి చూసిన దేశంలో ఆ మాంసాన్ని బడిపిల్లల భోజనంలో పెట్టారు. తైజీ కౌన్సిలర్లు ఇద్దరు ధైర్యంగా అడ్డుపడ్డారు. 2010లో పరీక్షిస్తే ఊళ్లో మగవాళ్ల జుట్టులో పాదరసం ఇతర ప్రాంతాలవాళ్ల కంటే సగటున నాలుగు రెట్లకు పైగా ఉంది. జబ్బు లక్షణాలు మాత్రం కనబడలేదన్నారు.

1986 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య తిమింగల వేట నిషేధం డాల్ఫిన్ల వంటి చిన్న జాతులకు వర్తించదు. కాబట్టి ఒత్తిడి కొనేవాళ్ల మీదే పడాల్సి వచ్చింది. 2013లో మన కేంద్ర ప్రభుత్వం దేశంలో డాల్ఫిన్ షోల కేంద్రాలకు అనుమతి లేదని తేల్చేసింది. 2015లో ప్రపంచ జూల సంఘం సభ్యత్వం సస్పెండ్ చేయడంతో జపాన్ జూల సంఘం కూడా తైజీ డాల్ఫిన్లను కొనబోమని ఒప్పుకుంది. ఆ సంఘంలో లేని పార్కులకు ఆ మాట వర్తించదు. చైనాలో కొత్తగా వెలిసిన మెరైన్ పార్కుల నుంచీ గిరాకీ వచ్చింది. తైజీ పడవలు ఏటా సెప్టెంబరులో మళ్లీ వేటకు బయల్దేరుతూనే ఉన్నాయి.