లైసోజైమ్ చక్కెర గొలుసును ఎలా తెంచుతుంది?

పిల్లలూ,

చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ అనగానే మీకు ఉమ్మిలోని అమైలేజ్ గుర్తొస్తుంది. నేను మాత్రం లైసోజైమ్ గురించి రాస్తున్నాను. ఇదీ ఉమ్మిలో ఉంటుంది, కన్నీళ్లలో ఉంటుంది, కోడిగుడ్డు తెల్లసొనలో దండిగా దొరుకుతుంది. 1922లో దీన్ని బయటపెట్టింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్‌తో ఆయనకు పేరొచ్చింది ఆ తర్వాతే.

బాక్టీరియా కణకవచంలో పొడవాటి చక్కెర గొలుసులుంటాయి. వాటిలో రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పూర్తి పేర్లు నోరు తిరగనివి, నాగ్, నామ్ అంటే మనకు చాలు. లైసోజైమ్ ఈ గొలుసును తెంచితే గోడ బలహీనపడుతుంది, నీరు లోపలికి దూరి కణం పగిలిపోతుంది.

ఎలా తెంచుతుందో తెలియాలంటే దాని ఆకారం తెలియాలి. 1965లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం తెల్లసొన లైసోజైమ్ స్ఫటికాల మీదికి ఎక్స్ కిరణాలు పంపి దాని నిర్మాణాన్ని రాబట్టింది. అంత వివరంగా రూపం తెలిసిన మొదటి ఎంజైమ్ ఇదే. ఆ వ్యాసం రాసిన ఆరుగురిలో వి.ఆర్. శర్మ అనే పేరూ ఉంది. 129 అమైనో ఆమ్లాల దండ మడతలు పడి ముద్దగా అయింది, దాని ఒక పక్కన లోతైన గాడి ఉంది. చక్కెర గొలుసు వచ్చి పడుకునేది ఆ గాడిలోనే.

ఇక్కడే నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. అప్పటికింకా పరిశోధక విద్యార్థినిగా ఉన్న లూయిస్ జాన్సన్, మూడు నాగ్‌ల చిన్న ముక్కను స్ఫటికంలోకి పంపి చూసింది. అది గాడి పై భాగంలో హాయిగా కుదురుకుంది, కానీ తెగలేదు! అంటే గట్టిగా పట్టుకునే చోటు వేరు, తెంచే చోటు వేరు. మిగిలిన గాడిలో ఇంకో మూడు చక్కెరలు పడతాయని నమూనా కట్టి చూస్తే మొత్తం ఆరు స్థానాలు తేలాయి. వాటికి ఎ నుంచి ఎఫ్ వరకు పేర్లు పెట్టారు. నామ్‌కు పక్కకు పొడుచుకొచ్చిన గుంపు ఒకటుంది కాబట్టి అది సి స్థానంలో పట్టదు. బి, డి, ఎఫ్‌లలోనే కూర్చోవాలి. డి దగ్గర ఇరుకు ఎక్కువ. అక్కడ చక్కెర వలయం మామూలు ఆకారంలో ఇమడదు, కాస్త వంకర తిరగాల్సిందే. తెగేది డి, ఇ స్థానాల మధ్య బంధం.

ఆ బంధానికి అటూ ఇటూ రెండు ఆమ్లాలు కాచుకుని ఉంటాయి. అమైనో ఆమ్లాల దండలో 35వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం చుట్టూ నీటికి పడని అణువుల గుంపులుంటాయి, అందుకే తన ప్రోటాన్‌ను తేలిగ్గా వదలదు. సమయానికి దాన్ని ఆ బంధంలోని ఆక్సిజన్‌కు ఇస్తుంది, బంధం తెగుతుంది. 52వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం ఋణావేశంతో ఉంటుంది. అది చేసే పని మీదే వాదన నడిచింది. బంధం తెగేటప్పుడు చక్కెర మీద వచ్చే ధనావేశాన్ని అది దూరం నుంచి ఆదుకుంటుందని ఫిలిప్స్ అన్నారు. ఈ రకం ఎంజైమ్‌లు చక్కెరతో కాసేపు నిజంగానే బంధం కట్టుకుంటాయని డేనియల్ కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్త 1953లోనే ఊహించారు. లైసోజైమ్ విషయంలో ఆ ఊహే నిజమని చూపించే సాక్ష్యం 2001లో గానీ దొరకలేదు. ఆ బంధం క్షణంలో ఏర్పడి క్షణంలో పోతుంది. అందుకని ఎంజైమ్‌నూ చక్కెరనూ కొంచెం మార్చి, పని నెమ్మదింపజేసి పట్టుకున్నారు. ఫిలిప్స్ అంతకు రెండేళ్ల ముందే కన్నుమూశారు.

చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఫిలిప్స్ చెప్పిన కథే ఉండేది. పై తరగతుల పుస్తకాలు మీ చేతికొచ్చినప్పుడు 52వ ఆమ్లం గురించి ఏం రాశారో చూసి నాకు ఉత్తరం రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య