సక్కర్ చేప: 2000 నాటి నిషేధంలో లేని పేరు

చెన్నై ఉత్తరాన పుళల్, రెట్టేరి, కొరట్టూరు చెరువుల్లో వలలు వేసేవారికీ, కొళత్తూరు అలంకార చేపల వ్యాపారులకూ మధ్య, సక్కర్ చేప చెరువుల్లోకి చేరిన తప్పు ఎవరిదన్న పాత తగాదా మళ్ళీ రాజుకుంది. అమెజాన్ నదీ ప్రాంతపు ఈ చేప గాజుతొట్టెల వ్యాపారం వెంట దేశదేశాలకు పాకిన కథ అందరికీ తెలిసిందే.

మలుపు మాత్రం 2000లో ఉంది. ఆ ఏడాది కేంద్రం ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని నిషేధించింది. చెరువులోకి జారితే స్థానిక చేపలను మింగేస్తుందన్న ఆ భయం సక్కర్ దాకా రాలేదు, ఎందుకంటే ఇది కంచంలోకి వచ్చే చేప కాదు, గాజుకు పట్టిన నాచు నాకే చేప. వేలెడు పిల్లను ‘ట్యాంక్ క్లీనర్’ అని అమ్మితే, కొన్నవారింట్లో అది అడుగు దాటి పెరుగుతుంది. చంపడానికి మనసొప్పక, పాపం తగలకూడదని, బకెట్‌లో తెచ్చి చెరువులో వదులుతారు.

తప్పంతా 2015 డిసెంబరు వరదదేనని వ్యాపారులు అంటారు. వరద చేపను పుట్టించదు, ఉన్నదాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకెళ్తుంది, అంతే.

వల వేసేవారి మాట ఇంకొంచెం వినాలి. ఒంటిమీద పొలుసులకు బదులు ఎముక పలకలు, రొమ్ము రెక్కల ముందు గట్టి ముళ్ళు ఉన్న ఈ చేప వల కన్నుల్లో మెలిపడితే విడదీయడం కుదరదు, బ్లేడుతో దారాలు తెంచాల్సిందే. జిలేబి చేప (తిలాపియా) కోసం వేసిన వల ఒక్క సక్కర్‌తో చిరుగుతుంది, దాన్ని కొనేవారూ ఉండరు. గట్టుమీద పడేసినా గంటల తరబడి చావదు, గాలి మింగి పొట్ట గోడల ద్వారా పీల్చుకుంటుంది. మగచేప గట్టులో బారెడు సొరంగం తవ్వి గుడ్లకు కాపలా కాస్తుంది కాబట్టి మట్టిగట్లకూ చేటే. మెక్సికోలోని ఇన్ఫియెర్నియో జలాశయంలో జిలేబి చేపల వేటను దెబ్బతీసినది ఈ జాతే.

మన తెలుగు జిల్లాల్లో దెయ్యం చేప, రాకాసి చేప అంటున్నదీ దీన్నే. తూర్పు కనుమల నీటివనరుల్లో దాదాపు 60 శాతంలో దీని జాడ ఉందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశోధకులు నీటిలోని డీఎన్ఏను పరీక్షించి చెప్పారు.

అందుకే వలకారులు అడుగుతున్నది వరద నష్టపరిహారం కాదు, దుకాణాల్లో సక్కర్ పిల్లల అమ్మకం ఆపమని. వ్యాపారులు మాత్రం ఇంటివాళ్ళు తెచ్చి వదిలితే తామేం చేయగలమంటున్నారు. పెద్దదైన సక్కర్‌ను తిరిగి తీసుకునే ఏర్పాటు గురించి వారిప్పటికీ మాట్లాడటం లేదు.