ఏరు పొంగె నిన్న

"మాస్టారూ, తాటాకు చెదపట్టిపోద్ది గదేటి, మరి పద్యాలు వెయ్యేళ్ళు ఎలా నిలిచాయండి?" అని నరసన్నపేటలో ఇంటర్ చదివే కుర్రాడు అడిగాడు. మనిషి తన మాటని దాచుకున్న కథలో గుహల్లో బొమ్మలూ అచ్చుయంత్రమూ వాడి పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి, వాటి జోలికి పోను. వాడి ప్రశ్న మాత్రం నన్ను వారం రోజులు వదల్లేదు.

మన ఉక్కపోతలో తాటాకు కొన్ని వందల ఏళ్ళు ఆగితే గొప్ప. అది పాడయ్యేలోగా ఎవరో ఒకరు కొత్త ఆకు మీదకి ఎత్తిరాయాలి. ఎత్తిరాసిన ప్రతిసారీ నాలుగు తప్పులు. వాటిని పట్టేదెవరు? పద్యమే.

నాగావళి వరద చూసి నేను కట్టిన ఆటవెలదిలో రెండో పాదం ఇది:

ఏరు పొంగె నిన్న నారు మునిగె

ఈ పాదానికి ఐదు సూర్యగణాలుండాలి. సూర్యగణమంటే ఒక గురువు (సాగదీసి, లేదా ఊని పలికే అక్షరం), ఒక లఘువు (పొట్టిగా పలికేది). లేదా మూడు లఘువులు. లెక్కపెట్టండి, ఐదూ సరి. నాలుగో గణం దగ్గర యతి, అంటే పాదం మొదలుతో పోలిక, కుదరాలి. ఇక్కడ ఏరు, నారు అని, రెండుచోట్లా రెండో అక్షరం కలిసేలా, ప్రాసయతి వేశాను. రాసేవాడు కునికిపాటులో "నిన్న" వదిలేస్తే గణం తగ్గి దొరికిపోతాడు. "పొంగెను" అన్నాడా, అది గురువు, రెండు లఘువుల భగణమైపోయింది, దొరికాడు. "పొలము మునిగె" అంటే గణం సరిపోతుంది గానీ ప్రాసయతి చెడింది. మళ్ళీ దొరికాడు!

ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె చేసే పని ఇదే. మొదటి పదకొండు అంకెల నుంచి, డచ్ గణితవేత్త వెర్హోఫ్ 1969లో ప్రకటించిన పద్ధతిలో, దాన్ని లెక్కగడతారు. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా తెలిసిపోతుంది. ఆ అంకె ఉత్త కాపలాదారు. పద్యంలో కాపలాదారే పాట కూడా పాడతాడు. ఇది చెప్పకుండా గణవిభజనని రెండు మార్కుల ప్రశ్న చేసి పిల్లల్ని ఏడిపిస్తున్నాం. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాశాడంటే ఒకప్పుడు నేనూ నవ్వుకున్నవాణ్ణే.

కుర్రాడి క్లాసులో ఈ పాదాన్ని మొదటి బెంచీ పిల్ల చెవిలో చెప్పాను. చెవి నుంచి చెవికి పాకి చివరి బెంచీలో ఇలా తేలింది: "ఏరు పొంగె మొన్న పైరు మునిగె". రెండు మాటలు మారాయి. గణాలు ఐదూ ఉన్నాయి, ప్రాసయతి కుదిరింది! నారు పైరైతే అయింది, నిన్న మొన్న కావడం మాత్రం చరిత్రకి ప్రమాదం.

తేదీలకి అందుకే ఇంకో కట్టుదిట్టం ఉండేది. మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే గాంగరాజుల రాజధాని కళింగనగరమని పండితులు చెబుతారు. అక్కడి గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకాన్ని తామ్రశాసనంలోని ఒక శ్లోకంలో, అంకెలకి బదులు మాటలతో, "నంద రంధ్ర గ్రహ" సంవత్సరమన్నారు. నందులు తొమ్మిదిమంది, దేహానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది, అంటే శక సంవత్సరం 999. గీత జారితే అంకె మరో అంకె కావచ్చు. "గ్రహ" అన్న మాట ఇంకో సంఖ్య పేరు కావాలంటే అక్షరాలకి అక్షరాలే మారిపోవాలి. రెండు సంకేతాల మధ్య ఉండే ఈ ఎడాన్ని లెక్కించడం అమెరికన్ గణితవేత్త హామింగ్ 1950లో చూపించాడు. పైగా ఆ శ్లోకం స్రగ్ధర అనే వృత్తం, పాదానికి 21 అక్షరాలు, కచ్చితమైన గురులఘువులు. అదీ చాలక శుక్ల తదియ, రేవతీ నక్షత్రం, శనివారం అని కలిపారు. లెక్క వేస్తే 1078 ఫిబ్రవరి 17 వస్తుంది. ఆ రోజు శనివారమే. సంవత్సరం తప్పుపడి ఉంటే వారం యాదృచ్ఛికంగా కుదిరే అవకాశం ఏడింట ఒకటి. ఇదంతా కాగితం మీద నేనే వేసి చూసుకుని, రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి మరీ చెప్పాను.

మా తాతయ్యగారి అటక మీదా ఒక తాటాకు కట్ట ఉండేది. ఏటా సరస్వతీ పూజకి పసుపూ కుంకుమా పడేవి గానీ విప్పితే దోషమనేవారు. విప్పి, దులిపి, తిరగరాయడమే దానికి పూజ అని ఎవరికీ తట్టలేదు. చివరికి విప్పేసరికి సగం పిండి. మిగిలిన ఒక ఆటవెలదిలో పురుగు తిన్న చోట ఒకే గణం పోయింది. గురువు, లఘువు, ప్రాసయతిని బట్టి ఆ లఘువు "ల". తాతయ్య "నేల" అన్నారు. నాన్న "వేల" అంటారు. తాతయ్య పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన తరఫున ఇప్పుడు నేను వాదిస్తున్నాను.